ఆదివారం నాటి పద్దెనిమిది గుంటలు

మార్చి 2

బావగారికి నమస్కారాలు.

ఆఫీసు అడ్రసుకి ఉత్తరమేమిటని కంగారు పడకండి. ఇంటికి రాస్తే అక్క చేతిలో పడుతుంది. ఫోన్ చేస్తే అక్క పక్కనే ఉంటుంది. గోల్ఫ్ కోర్సు బుకింగ్ కౌంటరుకి రోజూ వచ్చే కవర్లలో ఇదీ ఒకటనుకుంటారులెండి.

మీరు నవ్వనంటే ఒక మాట అడుగుతాను. నేను మీ కోర్సులో గోల్ఫ్ ఆడాలి.

అవును, నేనే. చిన్నప్పుడు పరుగు పందెంలో దారి తప్పి అవతలి వీధిలో తేలాడని అక్క మీకు పెళ్ళయిన వారానికే చెప్పిందే, ఆ నేనే. విషయం ఏమిటంటే, అమ్మ పోయినప్పుడు అక్క నాతో "నా గడప తొక్కకు" అంది. ఆరేళ్ళయింది, తొక్కలేదు. కానీ మీ గోల్ఫ్ కోర్సు ఆమె గడప కాదు కదా! గేటు మీద 'అందరికీ ప్రవేశం' అని పెద్ద బోర్డుందని మీరే ఒకసారి గొప్పగా చెప్పారు. బుక్ చేసుకున్నవాడు ఎవడైనా లోపలికి రావచ్చు. అక్క అక్కడ పని చేసుకుంటుంది, నేను అక్కడ ఆడుకుంటాను. ఎదురుపడితే ఎవరి గడపా ఎవరూ తొక్కినట్టు కాదు. మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని పట్టుకున్న లొసుగు ఇది. కొట్టిపారేయకండి.

ఆట గురించి నాకు తెలిసిందల్లా బంతి చిన్నది, మైదానం పెద్దది అని. ఒక్కణ్ణే రావచ్చా? ఏం వేసుకోవాలి? కర్రలు మీరే ఇస్తారా? అన్నిటికన్నా ముఖ్యం, అక్క ఏ వేళకి ఎక్కడ ఉంటుంది? ఏదైనా ఏప్రిల్ 16 లోగా అయిపోవాలి. ఎందుకని మాత్రం అడక్కండి.

బస్టాండులో అంతా మామూలే. ఈమధ్య అనౌన్సుమెంట్లకి నా బదులు నా రికార్డు పెట్టి వినిపిస్తున్నారు. ఏడో నంబరు ప్లాట్‌ఫారం బస్సు బయలుదేరిపోతోందని నా గొంతే అరుస్తుంటే, నేను పక్కన కూర్చుని వింటున్నాను.

అక్క పెట్టిన పేరుతోనే సంతకం చేస్తున్నాను,
మీ బావమరిది, మైకు

---

మార్చి 9

మైకూ,

నవ్వనని నేను మాటివ్వలేదు కాబట్టి కడుపారా నవ్వాను. కౌంటరు అవతల నిలబడ్డ పెద్దమనిషి తనని చూసే నవ్వుతున్నానని మొహం ముడుచుకున్నాడు. నీ మూలంగా ఒక కస్టమరు పోయాడు.

ఇక విను. మా ఆటకి నలుగురు ఒక జట్టు. ఒంటరిగా వచ్చినవాణ్ణి ఎవరో ముగ్గురితో కలిపేస్తాం. పెళ్ళిచూపుల్లాంటిదే, ఎవరు తగులుతారో నీ అదృష్టం. కాలరున్న చొక్కా తప్పనిసరి. కర్రలు అద్దెకిస్తాం. బూట్లకి మడమ ఉండకూడదు, గడ్డి మీద గుర్తు పడిందంటే మీ అక్క చంపేస్తుంది. పద్దెనిమిది గుంటలుంటాయి. ఒక్కో గుంట చుట్టూ దుప్పటి పరిచినట్టు నున్నటి గడ్డి ఉంటుంది. దాన్ని గ్రీన్ అంటాం.

మీ అక్క పనేమిటో నీకు సరిగ్గా తెలియదనుకుంటాను. ఆమె ఈ కోర్సులో రోజూ గుంటలు మారుస్తుంది. నిన్న ఉన్న చోట ఇవాళ గుంట ఉండకూడదు, ఉంటే తొక్కిడికి గడ్డి చచ్చిపోతుంది. ఐదింటికల్లా షెడ్డు నుంచి చిన్న బండి వేసుకుని బయలుదేరుతుంది. పదునైన గొట్టాన్ని గ్రీన్‌లోకి దింపి తిప్పి, గడ్డితో సహా మట్టిముద్ద పైకి లాగుతుంది. ఆ ముద్దని తీసుకెళ్ళి నిన్నటి గుంటలో కూర్చి, అరికాలితో అదిమి, చెంబెడు నీళ్ళు పోస్తుంది. నిన్న గుంట ఎక్కడుందో పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియకూడదు, అదీ ఆమె పనితనం. ఎక్కడ కోయాలో సూపర్‌వైజరు ముందే కాగితం మీద రాసిస్తాడు. మీ అక్క ఆ కాగితాన్ని వేలెడు కూడా దాటదు, నాతో తప్ప అందరితోనూ క్రమశిక్షణ గల మనిషి.

మొదటి జట్టు ఆరుంబావుకి బయలుదేరుతుంది. ఆమె వాళ్ళకి రెండు గుంటల ముందు ఉంటుంది. అందుకని నువ్వు మొదటి జట్టులోనే ఉండాలి. పన్నెండో గుంట దగ్గర రేకుల పందిరి ఉంది. అక్కడ కూర్చుని, ఫ్లాస్కు తీసి, పది నిమిషాలు టీ తాగుతుంది. అదే నీ చోటు. పదో గుంట దగ్గర్నుంచి చెరువు మీదుగా చూస్తే ఆ పందిరి కనిపిస్తుంది. నీ గొంతుకి చెరువో లెక్కా! అక్కణ్ణుంచే ఒక్క కేక వెయ్యి. తిట్టినా సరే, తిడుతుందంటే మాట్లాడుతున్నట్టే.

ఏప్రిల్ 5, ఆదివారం, నీకు చోటు ఉంచాను. ఇంతకీ 16 లోగా అంటే ఏమిటయ్యా? నలభై ఒకటో ఏట పెళ్ళి గాని కుదిరిందా? మొదటి శుభలేఖ అక్కకి ఇద్దామనా? చెప్పకపోతే నేనే ఊహించుకుని మిఠాయి కొనేస్తాను.

మీ బావ

---

మార్చి 14

బావగారూ,

మిఠాయి కొనకండి.

నా గొంతులో ఒక కంతి ఉంది. ఏడెనిమిది నెలలుగా బొంగురు పోతుంటే వృత్తిరోగం అనుకున్నాను. కాదట. ఏప్రిల్ 16న ఆపరేషన్. ప్రాణానికి భయం లేదంటున్నారు, గొంతు మాత్రం ఉండదు. డాక్టరు బొమ్మ గీసి చూపించాడు, నిమ్మళంగా, తాళం రిపేరు చేసేవాడు చూపించినట్టు. మాట్లాడే పెట్టెని తీసేసి మెడకి చిన్న రంధ్రం పెడతారట. అప్పటిదాకా వీలైనంత తక్కువ మాట్లాడమన్నాడు. ఉత్తరాలు రాస్తున్నది అందుకే, అక్కంటే భయం ఒక్కటే కాదు.

నాకు ఉన్నది ఒకే మాట, అక్కకి చెప్పాల్సింది. ఆరేళ్ళుగా చెప్పలేదు. దాన్ని నా గొంతుతో చెప్పాలి. కాగితం మీద రాసి చూపిస్తే అది ఏడో నంబరు ప్లాట్‌ఫారం బోర్డులా ఉంటుంది.

మీకొక విన్నపం. ఇది అక్కకి చెప్పకండి. చెబితే పరుగెత్తుకుంటూ వస్తుంది, నాకు తెలుసు. జాలితో వస్తుంది. రోగిష్టివాణ్ణి ఎవరైనా క్షమిస్తారు. నాకు అది వద్దు. ఒంట్లో బాగున్న తమ్ముడు వచ్చి అడిగితే ఏమంటుందో అది కావాలి. తిడితే తిట్టనీండి.

మీరు చెప్పరనే నమ్మకంతో,
మైకు

---

మార్చి 19

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి కౌంటరు మూసేసి, వెనక కర్రలు పెట్టే గదిలో కూర్చున్నాను. మిఠాయి మాట రాసిన చేతిని ఏం చేసుకోవాలో తెలియలేదు. క్షమించు.

క్షమించమన్న నోటితోనే తిట్టాలి, ఏమీ అనుకోకు. నీకు బుద్ధి ఉందా? ఆరేళ్ళ కిందట ఏం చేశావు? అమ్మకి పక్షవాతం వచ్చిందని తెలిసినా, అక్క ఇక్కడ ఉద్యోగం కోసం మూడు నెలల ట్రైనింగులో ఉందని, చెడిపోతుందని, చెప్పకుండా దాచావు. అమ్మే చెప్పొద్దందంటావు. కాదనను. కానీ రెండోసారి పక్షవాతం వచ్చి అమ్మకి మాట పడిపోయాక గాని కబురు చేయలేదు. మీ అక్క వెళ్ళి పదిరోజులు మంచం పక్కన కూర్చుంది. అమ్మ కళ్ళు తిప్పేది, అంతే. అమ్మ పోవడం కన్నా ఆ పదిరోజులే ఆమెకి ఎక్కువ. ఇప్పటికీ పప్పు కలుపుతూ కలుపుతూ, "అమ్మ నాకేం చెప్పాలనుకుందో" అంటుంది.

అమ్మ గొంతు ఆమెకి దక్కలేదు. ఇప్పుడు నీ గొంతు కూడా దక్కనివ్వవా? అదే తప్పు, మక్కీకి మక్కీ. పైగా ఈసారి నన్ను కూడా దొంగని చేస్తున్నావు. రోజూ ఆమె ఎదురుగా కూర్చుని భోంచేసేది నేను.

అయినా నీ మాట కాదనలేను. గొంతు నీది. ఏప్రిల్ 5 దాకా నోరు కుట్టేసుకుంటాను. ఆ ఆదివారం నువ్వే చెప్పాలి, క్షమాపణా, జబ్బూ, రెండూ. చెప్పలేదో, సాయంత్రానికి నేనే చెప్పేస్తాను. ఇది ఒప్పందం. ఒప్పుకుంటున్నట్టు రాయి.

బావ

---

మార్చి 27

బావగారూ,

ఒప్పుకుంటున్నాను. మీరు తిట్టినదానిలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే రెండోసారి చదవలేదు.

సాధన సాగుతోంది. గొడుగుతో నిమ్మకాయల్ని కొడుతున్నాను. ఒకటి ఇంటి యజమానురాలి వంటింటి కిటికీలో పడింది. ఆవిడ వచ్చి నిలదీస్తే జవాబు చెప్పకుండా గొంతు చూపించాను. డాక్టరు మాట్లాడొద్దన్నందుకు మొదటిసారి లాభం కలిగింది.

5వ తేదీన ఆరింటికల్లా గేటు దగ్గరుంటాను. మీరు కౌంటరులో నన్ను తెలియనట్టే పలకరించండి, పక్కన ఎవరైనా ఉంటే అక్కదాకా పోతుంది.

మైకు

---

ఏప్రిల్ 6

బావగారికి,

నిన్న మీకు చెప్పకుండా వెనక గేటు నుంచి వెళ్ళిపోయాను. మొహం చూపించలేకపోయాను. బస్సెక్కాక మీరు నా కోసం కౌంటరు బయట నిలబడి ఉంటారని తోచింది. అప్పటికే పది మైళ్ళు వచ్చేశాను.

జరిగింది చెబుతాను. నాతో పడ్డ ముగ్గురూ మంచివాళ్ళే. ఒకాయన పళ్ళ డాక్టరు, తక్కిన ఇద్దరూ వియ్యంకులు. మొదటి గుంటకే నేను కొట్టిన కొట్టుడికి గడ్డిపెళ్ళ లేచి బంతికన్నా దూరం వెళ్ళింది. కానీ గ్రీన్ మీదకి ఎలాగో ఈడ్చుకొచ్చాక ఒక వింత. బంతిని ఊరికే అలా తోశాను, అది అటూ ఇటూ ఆలోచించి, ఎవరో పిలిచినట్టుగా వెళ్ళి గుంటలో పడింది. మూడో గుంటలోనూ అంతే. ఐదులోనూ అంతే. "మొదటిసారంటే మమ్మల్ని నమ్మమంటారా?" అన్నాడు పళ్ళ డాక్టరు. ఏమైతేనేం, ఆ ఒక్కటీ నా మాట విన్నది. మాట వినాల్సిన మనిషి వినలేదు.

పదో గుంట దగ్గరికి వచ్చేసరికి పందిరి కింద అక్క కనిపించింది. వెనక్కి తిరిగి కూర్చుంది. జుట్టు సగం తెల్లబడింది బావగారూ, మీరు రాయలేదే. పిలిచాను. మూడుసార్లు పిలిచాను. ఉన్న ఊపిరంతా పెట్టి పిలిచాను. పక్కనున్న వియ్యంకులు తిరిగి చూశారు కూడా. ఆమె కదల్లేదు. మూడోసారి పిలిచాక లేచి, ఫ్లాస్కు సంచిలో వేసుకుని, బండెక్కి చెట్ల వెనక్కి వెళ్ళిపోయింది. వినపడనట్టు. చెరువు అడ్డం. నేను చుట్టూ తిరిగి వెళ్ళేసరికి పందిరి ఖాళీ. బల్ల మీద తడి కూడా లేదు. టీ కూడా తాగకుండా పోయింది, నేను వస్తున్నానని.

తిడుతుందనుకున్నాను. కొడితే పడదామనుకున్నాను. వెళ్ళిపోతుందని మాత్రం అనుకోలేదు.

తక్కిన గుంటలు ఎలా ఆడానో తెలియదు. పద్దెనిమిదో దాంట్లో కూడా బంతి తనంతట తనే పడింది. వియ్యంకులు చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. వాళ్ళు సంతోషం అనుకున్నారు.

ఆమె ఇష్టం ఆమెది. ఒప్పందం ప్రకారం మీరు చెప్పాలనుకుంటే చెప్పండి, కానీ ఆపరేషన్ అయ్యాక చెప్పండి. చెరువు దగ్గర వెళ్ళిపోయిన మనిషిని ఆసుపత్రి మంచం చూపించి వెనక్కి పిలవడం నాకిష్టం లేదు.

మైకు

---

ఏప్రిల్ 11, శనివారం

మైకూ,

ఈ ఉత్తరం నిదానంగా చదువు. నాలుగైదు విషయాలున్నాయి. అన్నిట్లోనూ నీ తప్పో నా తప్పో ఉంది.

మొదటిది నాది. ఆ రోజు ఆడేవాళ్ళ జాబితా నేనే రాస్తాను. దానికో నకలు ముందురోజు సాయంత్రమే షెడ్డులో అతికిస్తారు, మొదటి జట్టు ఎప్పుడొస్తుందో పనివాళ్ళకి తెలియాలని. పదిహేనేళ్ళుగా నా చేత్తో పంపిస్తున్న నకలు. నీ పేరు, ఇంటిపేరుతో సహా, నా గుండ్రటి అక్షరాలతో రాసి నేనే పంపాను. ఇంత కుట్ర పన్నినవాడికి అది తట్టలేదు. ఆదివారం తెల్లవారకముందే మీ అక్క ఆ జాబితా చూసింది. సూపర్‌వైజరు ఇచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, బండెక్కిందట.

ఆదివారం సాయంత్రం ఇంట్లో గిన్నెల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. నువ్వు చెప్పేశావో లేదో నాకు తెలియదు, నువ్వేమో పత్తా లేవు. ఒప్పందం గుర్తుండీ, ఆ మొహం చూసి అన్నం తిని పడుకున్నాను. పిరికివాణ్ణే. గురువారం నీ ఉత్తరం అందింది. చదివి ఇంటికెళ్ళి గట్టిగానే అడిగాను. "మూడుసార్లు పిలిచాడట. వినపడనట్టు వెళ్ళిపోయావట. ఇదేం మొండితనం?"

ఆమె చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "పిలిచాడా?" అంది. "వాడు పిలవలేదండీ. పిలుస్తాడని పది నిమిషాలు కూర్చునేదాన్ని అరగంట కూర్చున్నా. టీ పోసుకుంటే ఆ చప్పుడుకి ఎక్కడ వినపడదోనని ఫ్లాస్కు మూత కూడా తియ్యలేదు. వాడు పిలిస్తే మైదానం ఆ కొస నుంచి ఈ కొసకి వినపడుతుంది. ఎవరో ముసలాయన బొంగురు గొంతుతో ఏదో అంటున్నాడు, అంతే. ఆరేళ్ళ తర్వాత ఇంత దూరం వచ్చి, అక్కా అని ఒక్క పిలుపు పిలవడానికి వాడికి నోరు రాలేదు. తిరిగి చూస్తే నేనే లోకువవుతానని లేచి వచ్చేశా."

అని, ఆగింది. నా మొహంలోకి చూసింది. "వాడి గొంతుకేమైంది?" అంది.

నేను చెప్పాను. నువ్వు ఆపరేషన్ అయ్యాక చెప్పమన్నావు, నేను ఆగలేదు. తిట్టుకో. అంతా విని ఆమె అడిగింది ఒక్కటే, "మీకెప్పట్నుంచి తెలుసు?" అని. నెల రోజుల్నుంచి అన్నాను. గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది. ఆ మాటే ఆఖరు, నాతో ఇప్పటిదాకా మాట్లాడలేదు. నాకు తగిన శాస్తే.

ఇక నీకు అర్థం కాని ఆ బంతి సంగతి. నిన్న సూపర్‌వైజరు నా కౌంటరుకొచ్చి ఒక కాగితం ముందు పడేశాడు. ఆదివారం ఆడినవాళ్ళందరూ జన్మలో ఎరగని ఆట ఆడేశారట, ఇది గోల్ఫ్ కోర్సా పిల్లల పార్కా అని పైవాళ్ళు అడిగారట. పద్దెనిమిది గ్రీన్‌లలో ప్రతిదానికీ ఒక పల్లం ఉంటుంది, ఎటునుంచి తోసినా బంతి అక్కడికే జారుకుంటుంది. అక్కడ గుంట కోయకూడదని మాకు రూలు. మీ అక్క ఆ ఆదివారం, కాగితం పక్కన పెట్టి, పద్దెనిమిదీ ఆ పల్లాల్లోనే కోసింది. ఒక్కటి కూడా వదల్లేదు. ఆరేళ్ళలో ఆమెకి వచ్చిన మొదటి మెమో అది. "ఇచ్చిన షీటును ఎందుకు పాటించలేదో రాతపూర్వకంగా తెలియజేయాలి" అని ఉంది. కింద ఆమె జవాబు. ఒక్క వాక్యం.

"ఆ రోజు మా తమ్ముడు మొదటిసారి ఆడటానికి వచ్చాడు."

సూపర్‌వైజరు, "దీన్ని నేను ఏ ఫైల్లో పెట్టను?" అన్నాడు. ఆయన కాగితం మడిచి, తన జేబులోనే పెట్టుకుని వెళ్ళిపోయాడు.

చూశావా, నీ పిలుపు ఆమెకి అందలేదు, ఆమె పలికింది నీకు అర్థం కాలేదు. ఆమె నీ మీద కోపంగానే ఉంది. పొరపడకు. అమ్మ విషయంలో ఉన్న కోపానికి ఇప్పుడు ఇంకోటి తోడయింది, నిజానికి రెట్టింపయింది. "క్షమించానని వాడికి రాయొద్దు" అని మా పెద్దబ్బాయి చేత చెప్పించింది. కాబట్టి రాయడం లేదు.

ఈ కవరు మీద స్టాంపు లేదని ఈపాటికి చూసే ఉంటావు. నేను రాస్తూ ఉండగానే ఆమె సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడింది. వారం సెలవు పెట్టింది. 16 దాటేదాకా నీ దగ్గరే ఉంటుంది. గడప మాట ఏమైందని పెద్దాడు అడిగితే, "వాణ్ణి నా గడప తొక్కొద్దన్నా. వాడి గడప నేను తొక్కనని ఎప్పుడన్నాను?" అంది. లొసుగులు వెతకడం మీ ఇంటివాళ్ళకి పుట్టుకతో వచ్చినట్టుంది.

నువ్వు దాచుకున్న ఆ ఒక్క మాట ఆమెకి చెప్పు. మధ్యలో అడ్డు తగులుతుంది, తిడుతుంది, ఇక చాల్లే మాట్లాడకు అంటుంది. ఆగకు. బొంగురైనా సరే, మొత్తం చెప్పు. డాక్టరుకి నేను సర్దిచెప్పుకుంటాను.

ముందు ఆమెని కూర్చోమను. ఏడు గంటల బస్సు ప్రయాణం, సీటు దొరికి ఉండదు. కూర్చోమని నువ్వే నోటితో అను.

బావ